నుదుటి మీద చీటీ

'కామెడీని కామెడీగా చూడండి భాయ్.'

ఇరవయ్యేళ్ళు దాటిన నా పత్రికా ఉద్యోగంలో ఈ మాట నాతో అననివాళ్ళు తక్కువ. ఆ 'భాయ్'ని కూడా గమనించండి. పక్క సీటాయన్ని 'అన్నా' అంటారు, ఆ పక్కాయన్ని 'గురూ' అంటారు. నేను మాత్రం భాయ్. ప్రేమగానే అంటారు, నేనూ ప్రేమగానే పలుకుతాను. కానీ ఆ పిలుపులో ఒక చీటీ ఉంది. అది నా నుదుటి మీద అంటించి ఉంటుంది. నాకు తప్ప అందరికీ కనిపిస్తుంది.

ఈ చీటీ మాట నా సొంతం కాదు. ఒక అమెరికా టీవీ కామెడీ నుంచి తెచ్చుకున్నాను. ఎలా తెచ్చుకున్నానో చెప్తాను.

పోయిన రంజాన్‌కి దుర్గి వెళ్ళాను. మా ఆపా కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడూ వచ్చాడు. ఇఫ్తార్ అయ్యాక మేడ మీద చాప పరుచుకుని ఫోన్లో ఏదో చూస్తూ ఒక్కడే పడీ పడీ నవ్వుతున్నాడు. 'మామూ, జరా ఏ దేఖో' అని ఫోను నా మొహం మీద పెట్టాడు. 'ది ఆఫీస్' అనే సీరియల్. బ్రిటన్లో 2001లో బీబీసీ వేసిన కామెడీని 2005లో అమెరికావాళ్ళు తమకి తగ్గట్టు తీసుకున్నారు. కాగితాలమ్మే కంపెనీ, దానికి చిన్న ఊళ్ళో ఒక బ్రాంచి, ఆ బ్రాంచికి మైకేల్ స్కాట్ అనే మేనేజరు. తనంత సరదా మనిషి, తనంత విశాల హృదయుడు లోకంలో లేడని ఆయన నమ్మకం. అలాంటివాళ్ళు మన ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు.

వాడు చూపించింది రెండో భాగం. పేరు 'డైవర్సిటీ డే'. 2005 మార్చి 29న ఎన్‌బీసీ చానెల్లో వచ్చింది. ఈ మేనేజరు ఒక నల్లజాతి హాస్యగాడి ప్రదర్శనని ఆఫీసులో అనుకరించి, అనకూడని మాట అంటాడు. ఫిర్యాదు వెళ్తుంది. కంపెనీ ఒక శిక్షకుణ్ణి పంపుతుంది. పేరుకి శిక్షణ అందరికీ. నిజానికి కావలసింది ఒక్క మేనేజరు సంతకమే. ఆయనకి అది తెలిసి, కోపమొచ్చి, నేనే ఇంతకన్నా మంచి శిక్షణ ఇస్తానని అందర్నీ కూచోబెడతాడు. ఒక్కొక్కరి నుదుటి మీద ఒక్కో చీటీ అంటిస్తాడు. చీటీ మీద జాతి పేరు, మతం పేరు. ఎదుటివాళ్ళు ఆ చీటీ చూసి, ఆ జాతి మనిషితో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడాలి. దాన్నిబట్టి నీ చీటీలో ఏముందో నువ్వు కనిపెట్టాలి. నల్లజాతి ఉద్యోగి స్టాన్లీకి వచ్చింది 'బ్లాక్' అన్న చీటీయే. మేనేజరుగారు మాత్రం తన నుదుటికి 'మార్టిన్ లూథర్ కింగ్' అంటించుకుంటాడు.

చివర్లో భారతీయ సంతతి అమ్మాయి కెల్లీ లోపలికొస్తుంది. మేనేజరు ఆమె ముందు నిలబడి కిరాణా కొట్టు ఇండియావాడి యాసలో వెకిలిగా మాట్లాడతాడు. ఆమె ఈడ్చి చెంప మీద కొడుతుంది.

మావాడు అక్కడ ఆపి మళ్ళీ వెనక్కి తిప్పి చూపించాడు. మూడుసార్లు. ఆ చెంపదెబ్బ దగ్గర వాడి నవ్వు వేరుగా ఉంది.

ఎందుకురా అంత నవ్వు అన్నాను. అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఆఫీసులో కూడా ఒక శుక్రవారం ఈ ఆట ఆడారట. జాతుల పేర్లు కాదులెండి, మనవాళ్ళు అంత తెలివితక్కువవాళ్ళు కాదు. సినిమా హీరోలు, క్రికెటర్లు, ఊళ్ళు. ఒకడికి పవన్ కల్యాణ్, ఒకమ్మాయికి సింధు, ఒకడికి చార్మినార్. మావాడి నుదుటి మీద చీటీ, 'బిర్యానీ'.

'మొదటి ప్రశ్నకే కనిపెట్టేశా మామూ. ఇంకేం రాస్తారు నాకు?' అని నవ్వాడు. బహుమతి కూడా వచ్చిందట, చాక్లెట్ డబ్బా.

నాకు నవ్వు రాలేదు. వాడికి వచ్చింది. ఈ తేడా గురించే ఈ వ్యాసం.

* * *

ముందు ఆ అమెరికా ముచ్చట పూర్తి చేస్తాను. మొదటి భాగాన్ని కోటీ పది లక్షలమంది పైగా చూశారు. రెండో భాగానికి అరవై లక్షలమందే మిగిలారు. సగం జనం వారం తిరక్కుండానే లేచి వెళ్ళిపోయారన్నమాట. మొదటి భాగం బ్రిటన్ స్క్రిప్టుకి జిరాక్సులా ఉందని విమర్శకులు చప్పరించేశారు. 'డైవర్సిటీ డే' మాత్రం అమెరికావాళ్ళు సొంతంగా రాసుకున్న మొదటి కథ. బి.జె. నొవాక్ రాశాడు. సీరియల్ తన కాళ్ళ మీద నిలబడింది ఇక్కడేనని కొందరు అప్పుడే అన్నారు. ఏళ్ళు గడిచాక మొత్తం సీరియల్లోనే మంచి భాగాల్లో ఒకటిగా లెక్కలోకొచ్చింది. 2021లో ఒక కేబుల్ చానెల్ పాత భాగాలన్నీ వరసగా వేస్తూ దీన్ని వదిలేసిందని వార్తలొచ్చాయి. దాని మీద మళ్ళీ రగడ. వదిలెయ్యడం పిరికితనమని కొందరు, ఈ కాలానికి తగదని కొందరు.

పదహారేళ్ళ తర్వాత కూడా ఇరవై రెండు నిమిషాల కామెడీ ముక్క మీద ఇంత చర్చ! నాకు అసూయ కలిగింది ఇక్కడే. ఆ సీరియల్ గొప్పదనా? కాదు. దాన్ని కొలిచేవాళ్ళు ఉన్నారని. ఎవరి మీద నవ్వుతున్నాం, ఎవరితో కలిసి నవ్వుతున్నాం అని అడిగేవాళ్ళు ఉన్నారని.

ఇంకో సంగతి. చెంప మీద కొట్టిన కెల్లీ వేషం వేసిన మిండీ కేలింగ్ తమిళ తండ్రికీ బెంగాలీ తల్లికీ పుట్టిన అమ్మాయి. ఆమె ఆ సీరియల్ రచయితల గదిలో కూడా సభ్యురాలు. 2006 నవంబరులో వచ్చిన 'దీవాళీ' భాగం ఆమే రాసింది. అంటే ఎవరి యాసని వెక్కిరిస్తున్నారో ఆ మనిషి కాగితం దగ్గర కూచుని ఉంది. దెబ్బ ఎప్పుడు కొట్టాలో ఆమెకి తెలుసు.

మన కాగితాల దగ్గర ఎవరు కూచున్నారు?

* * *

తెలుగులో పనిచేసే చోటు మీద కామెడీ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది 'అమృతం'. 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై, 2007 నవంబరు 18న ఆగింది. 313 భాగాలు. గుణ్ణం గంగరాజు సృష్టి. అమృత విలాస్ అనే హోటలు, దాన్ని నడపలేక నడిపే అమృతం, ఆంజనేయులు, నెత్తిన కూచునే అప్పాజీ, వడ్డించే సర్వం. అమృతం వేషానికి శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు మారారు. ఆంజనేయులు మాత్రం మొదట్నించీ గుండు హనుమంతరావే. 2018లో ఆయన పోయినప్పుడు మా అమ్మీ రెండు రోజులు ఆయన మాటే మాట్లాడింది.

మా ఇంట్లో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఇషా నమాజు ముందో వెనకో సర్దుకునేవాళ్ళు. ఇది చెప్పడానికి నాకు సిగ్గు లేదు. మేమూ తెలుగువాళ్ళమే, మాకూ నవ్వు కావాలి. ఆ సీరియల్ మంచి సీరియల్. ఎవర్నీ తన్నలేదు, ఆడవాళ్ళని వెకిలి చెయ్యలేదు. చేతగాని మగవాళ్ళ మీద నవ్వింది. అందుకే ఇరవయ్యేళ్ళు దాటినా పిల్లలు యూట్యూబులో వెతుక్కుని చూస్తున్నారు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు జనం దాన్ని పాతదాని పక్కనపెట్టి కొలుచుకున్నది కూడా ఆ అభిమానంతోనే.

కానీ దాన్ని విమర్శకులు ఎలా తీసుకున్నారు? ఎవరా విమర్శకులు? ఉన్నారా? మన పత్రికల్లో సినిమాకి సమీక్ష ఉంది, పుస్తకానికి సమీక్ష ఉంది. కోట్లమంది వారం వారం చూసిన టీవీ కామెడీకి దక్కిందల్లా ఒక్క ముక్క: 'ఇంటిల్లిపాదీ కలిసి చూడదగ్గ ఆరోగ్యకరమైన హాస్యం.' అభిమానుల మాటా అదే, పత్రికల మాటా అదే.

ఇంటిల్లిపాదీ అంటే ఎవరి ఇల్లు?

తొందరపడకండి. అమృతం మమ్మల్ని అవమానించిందని నేనట్లేదు. నేనంటున్నది వేరు. అది హోటలు కథ. మా పల్నాడులో మాచర్ల, పిడుగురాళ్ళ, నరసరావుపేట ఏ బస్టాండు దగ్గరైనా దిగండి. తెల్లారుజామున టీ కొట్టు తెరిచేది ఎవరు? పెళ్ళికి దేగిసాలు ఎక్కించే వంట మాస్టరు ఎవరు? హైదరాబాదు సంగతి చెప్పక్కర్లేదు, ఇరానీ హోటలు లేని హైదరాబాదే లేదు. అలాంటి నగరంలో ఆరేళ్ళు నడిచిన హోటల్లో, కథ మోసే అరడజను మనుషుల్లో ఒక్క సాయిబు లేడు. మా చేతి వంట తినని ఊరు లేదు, మేము మాత్రం వంటింట్లో కనబడం. ఇది దురుద్దేశం కాదు. గుర్తు రాకపోవడం. దురుద్దేశాన్ని కోర్టులో నిలబెట్టొచ్చు, గుర్తు రాకపోవడాన్ని ఎక్కడ నిలబెడతాం? ఆ పని విమర్శకుడిది. ఆ విమర్శకుడు మనకి లేడు. ఉన్నా ఆయనకీ గుర్తు రాలేదు.

పన్నెండో శతాబ్దపు బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ ఒక చాప మీద కూచోబెట్టి కూడు పెట్టాడని మా ప్రాంతం గర్వంగా చెప్పుకుంటుంది. కారంపూడిలో వీరుల ఉత్సవాలప్పుడు ఇప్పటికీ చాపకూడు పెడతారు. సంతోషం. టీవీ హోటల్లో మాత్రం చాప అంచులు చాలా దగ్గరికి మడిచేశారు.

* * *

కనబడని చోట సంగతి అది. కనబడే చోట ఇంకా కష్టం.

తెలుగు కామెడీలో సాయిబు వచ్చాడంటే మూడే పనులు. వడ్డీకిచ్చి కర్ర పట్టుకుని తిరగడం, టోపీ పెట్టుకుని 'నిమ్మల్కీ నమ్మల్కీ' అని తెలుగుని ఖూనీ చెయ్యడం, లేదా హీరో కోసం చచ్చిపోవడం. మూడోది కామెడీ కాదంటారా? నాకు అదే ఎక్కువ కామెడీ.

ఆ 'నిమ్మల్కి' భాష ఎవరిది? మా దుర్గిలో వెతికి చూపించండి. మిరప కల్లాల్లో, కాలవ గట్ల మీద, ముగ్గురాయీ నాపరాయీ చెక్కే శిల్పుల కొట్టాల దగ్గర మా తాతలు మాట్లాడింది పల్నాటి తెలుగు. రెడ్డి ఇంట్లో ఎంత ఘాటుగా ఉందో మా ఇంట్లో అంతే ఘాటు. ఊళ్ళో నన్ను 'అల్లుడా' అనేవాళ్ళున్నారు, 'బాబాయ్' అనేవాళ్ళున్నారు. ఇంకా నిజం చెప్పాలంటే తెలుగు పాడైంది మా ఉర్దూ వల్ల కాదు, మా ఉర్దూయే తెలుగులో నానిపోయింది. కల్లం, కాలవ, పాలేరు, పొలంగట్టు అన్నీ మా ఇంటి ఉర్దూలో తెలుగు మాటలే. మేము హైదరాబాదు వెళ్తే అక్కడి ఉర్దూ పత్రికలవాళ్ళు 'ఆంధ్రా ఉర్దూ' అని నవ్వుతారు. అక్కడ ఒక చీటీ, ఇక్కడ ఒక చీటీ. ఒక్క నుదురు, ఎన్నని అంటిస్తారు!

ఇక దూదేకుల సోదరుల మాట. వాళ్ళలో చాలామంది ఇంట్లో ఉర్దూ పలుకే ఉండదు, అచ్చ తెలుగు. వాళ్ళ కులవృత్తి పేరు పింజారి, దూది ఏకేవాడని అర్థం. ఆ పేరుని తెలుగు సినిమా, తెలుగు టీవీ ఏం చేశాయో అందరికీ తెలుసు. తిట్టు చేశాయి. హాస్యనటుడు పక్కవాణ్ణి 'పింజారీ' అనగానే హాలు నవ్వుతుంది. మిగతా కులాల పేర్లు తిట్టుగా వాడితే ఊరుకోరని రచయితకి తెలుసు. ఇక్కడ ఎవరూ లేవరని కూడా తెలుసు.

లేచినవాడు ఒకడున్నాడు. పొన్నెకల్లు షేక్ నాజర్. మా గుంటూరు జిల్లావాడు. బుర్రకథకి చక్రవర్తి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. పల్నాటి యుద్ధం కథని ఊరూరా తిరిగి పల్నాటివాళ్ళకే రోమాలు నిక్కబొడుచుకునేలా చెప్పినవాడు. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. తిట్టుని తీసుకుని అట్ట మీద పేరుగా అచ్చు వేయించాడు. మన నుదుటి చీటీని మనమే చింపి చేతిలో పట్టుకుని చదవడమంటే అది.

బుర్రకథ కూర్పు కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. నడుమ కథకుడు. ఒక పక్క రాజకీయం చెప్పే వంత, ఇంకో పక్క హాస్యం చెప్పే వంత. కథ మంచి ఊపులో ఉండగా హాస్యం వంత అడ్డం తగిలి ఊరి మునసబునీ, కరణాన్నీ, దొరనీ వాళ్ళ ఎదురుగానే ఎత్తిపొడిచేవాడు. జనం నవ్వేవాళ్ళు, దొర కూడా చచ్చినట్టు నవ్వేవాడు. హాస్యం పక్కనే రాజకీయం నిలబడి ఉండేది. 'కామెడీని కామెడీగా చూడండి' అనే మాట ఆ పందిట్లో ఎవరూ అనలేదు.

* * *

సరే, అభ్యంతరం ఉంటే చెప్పొచ్చుగా అంటారు. ఎలా చెప్పాలి?

2014లో ఒక కామెడీ షోలో వేసిన స్కిట్టు కల్లుగీత కులం ఆడవాళ్ళని కించపరిచిందని గొడవైంది. ఆ నటుడి మీద దాడి జరిగింది. కొట్టడం తప్పు, ఎన్నిసార్లైనా అంటాను తప్పని. కానీ ఆ వారం పత్రికలు ఎలా రాశాయో గుర్తుంది. 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్నారు. అదే పని మా కుర్రాళ్ళు నలుగురు చేసి ఉంటే ఆ మాట వాడేవాళ్ళా? 'మతఛాందసం' అని ఉండేది శీర్షిక. మర్నాడు చానెళ్ళలో చర్చ, ఇస్లాంలో హాస్యానికి చోటుందా అని. మిగతావాళ్ళకి మనోభావాలు, మాకు ఛాందసం. అందుకే మావాళ్ళు నోరెత్తరు. నోరెత్తని మా భయాన్ని చూసి వీళ్ళకి అభ్యంతరం లేదనుకుంటారు. మావాడి చాక్లెట్ డబ్బా అలా వచ్చిందే.

సెక్యులర్ మిత్రులకి కూడా ఒక మాట. మీరు మమ్మల్ని వెక్కిరించరు, ఒప్పుకుంటాను. మీరు అంటించే చీటీ మీద మంచి రాతలే ఉంటాయి. పీర్ల పండగ, ఖవ్వాలీ, గంగా జమునా తెహజీబ్, రంజాన్ హలీం. నేనొకసారి టీవీ కామెడీల్లో ముస్లిం పాత్రల మీద ఒక సమీక్ష రాస్తానని మా డెస్కులో అడిగాను. ఏ పత్రికో అడక్కండి. ఇన్‌చార్జి చాలా మంచివాడు, వామపక్షం. 'అవన్నీ ఎందుకు భాయ్, రంజాన్ వస్తోంది కదా, షీర్ ఖుర్మా మీద ఒక పేజీ చెయ్యి' అన్నాడు. చేశాను. అలా తొమ్మిది రంజాన్లు చేశాను. నా చీటీ కూడా బిర్యానీయే అని మొన్న మా మేడ మీద కూచున్నాకగానీ తెలిసి రాలేదు.

మైకేల్ స్కాట్ నుదుటి మీద మార్టిన్ లూథర్ కింగ్ చీటీ ఉందని చెప్పాను కదా. ఆ ఒక్క దృశ్యం మన సెక్యులర్ మేధావులు ఒకటికి రెండుసార్లు చూడాలి.

మావాళ్ళని వదిలిపెట్టను. 2012లో బీబీసీలో 'సిటిజన్ ఖాన్' అనే కామెడీ వచ్చింది. బర్మింగ్‌హాంలో ఒక పాకిస్తానీ కుటుంబం కథ. రాసినవాడు, ఖాన్ వేషం వేసినవాడు ఆదిల్ రే, ముస్లిమే. మొదటి భాగంలో కూతురు తండ్రి రాగానే చటుక్కున హిజాబ్ లాక్కుని ఖురాన్ చదువుతున్నట్టు నటిస్తుంది. రెండు వందలకు దగ్గరగా ఫిర్యాదులు వెళ్ళాయి. నా అభిప్రాయం అడిగితే ఆ దృశ్యంలో అబద్ధమేముంది? మన ఇళ్ళలో తండ్రి చెప్పుల చప్పుడు వినగానే ఎన్ని ఫోన్లు దిండు కిందికి వెళ్ళట్లేదు? ఫిర్యాదులు చేసినవాళ్ళు చేశారు, బాగుందన్నవాళ్ళు అన్నారు, సీరియల్ అయిదు సీజన్లు నడిచింది. ఎవరి దుకాణం తగలబడలేదు.

మనకి నవ్వడం రాదనేవాళ్ళకి బబ్బన్ ఖాన్ పేరు చెప్పండి. 1965లో హైదరాబాదులో 'అద్రక్ కే పంజే' మొదలుపెట్టాడు. గంపెడు పిల్లలు, చాలని జీతం, కుటుంబ నియంత్రణ. ఎక్కువ పిల్లలన్న నింద మా మీద ఎత్తిపొడుపుగా వాడకముందే ఆయన దాన్ని వేదిక మీద పెట్టి మాతోనే నవ్వించాడు. 2001 దాకా వేల ప్రదర్శనలు, దేశదేశాల్లో. రాసింది ఆయనే, ఆడింది ఆయనే. దఖనీలో 2005లో వచ్చిన 'ది అంగ్రేజ్' సినిమాని చార్మినారు గల్లీల కుర్రాళ్ళు ఎంత సొంతం చేసుకున్నారో చూశాం. మా భాషలో మా మీద మేం నవ్వుకుంటే మాకు నొప్పి లేదు. ఆ నవ్వుకి ఒక కొలత ఉంటుంది, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

తెలుగులో మాత్రం మాకు ఆ గది లేదు. స్కిట్టు రాసే బల్ల దగ్గర లేము, సమీక్ష రాసే బల్ల దగ్గర లేము. షూటింగులో వంట దగ్గర ఉంటాం. దర్జీ మిషను దగ్గర ఉంటాం. తెర మీదికి మాత్రం మాకు బదులుగా ఇంకెవరో టోపీ పెట్టుకుని వెళ్తారు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసినప్పుడు తెలుగు సాహిత్యం ఉలిక్కిపడింది, కనీసం తలెత్తి చూసింది. ఆ తర్వాత కవిత్వంలో, కథలో మావాళ్ళు బల్ల దగ్గరికి కుర్చీ లాక్కున్నారు. ఎక్కువమంది చూసేది మాత్రం కవిత్వం కాదు, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ కుర్చీ ఇంకా ఖాళీ లేదంటున్నారు.

ఇదంతా మేడ మీద ఆవేశంగా మావాడికి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. 'మామూ, నువ్వు చెప్పింది కరెక్టే. కానీ వాళ్ళు నా ఫ్రెండ్సు. ఆ చీటీ రాసిన అమ్మాయి నాకోసం రోజా రోజుల్లో తన లంచ్ దాచుకుని పక్క ఫ్లోర్‌కెళ్ళి తినేది' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఉందనుకున్నాను, వెతికితే లేదు. ఆ అమ్మాయిది దురుద్దేశం కాదని నాకూ తెలుసు. గుర్తొచ్చింది బిర్యానీ ఒక్కటే, అంతే.

ఈద్ అయ్యాక వాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. నెల తర్వాత ఫోన్ చేశాడు. ఆఫీసులో మళ్ళీ ఆ ఆట పెట్టారట. ఈసారి చీటీలు నేను రాస్తానని వాడే అడిగి తీసుకున్నాడట. ఎవరికేం రాశావురా అంటే చెప్పలేదు. ఒకడికి మాత్రం గంట సేపైనా కనిపెట్టడం చేతకాలేదని చెప్పి నవ్వాడు.